ట్రాక్టరు వెనుక ట్రక్కు: కాలువ గట్ల మీద క్షేమముగా నడుపు విధము

కృష్ణా డెల్టాలో సార్వా పంట ఇంటికి చేరు దినములలో ఏ దారిని చూచినను ట్రాక్టర్లే కనిపించును. కళ్లము నుండి మిల్లుకు ధాన్యము, చేను నుండి దొడ్డికి వరిగడ్డి, తోట నుండి ఫ్యాక్టరీకి చెరకు, ఊరి నుండి పొలమునకు ఎరువు బస్తాలు, అన్నియు ట్రాక్టరు వెనుక తగిలించిన ట్రెయిలరులోనే పోవుచున్నవి. ఈ ట్రెయిలరునే మన ప్రాంతమున ట్రక్కు అని పిలుచుట వాడుక. ఎడ్ల బండి నాలుగైదు తడవలు తిరిగి చేర్చిన సరకును ట్రక్కు ఒక్క తడవలో చేర్చుచున్నది. పని తేలికయైనది. దానితో పాటు అపాయము కూడ పెరిగినది.

ట్రాక్టరు కొనదలచిన రైతు పది మందిని విచారించును. ఎన్ని గుర్రముల శక్తి కలది, గంటకు ఎంత డీజిలు త్రాగును, దమ్ములో ఎట్లు పనిచేయును అని అడిగి తెలిసికొనును. ట్రక్కు కొనునప్పుడు మాత్రము ధర ఒక్కటే అడుగును. దానికి బ్రేకులు కలవా, వెనుక దీపము కలదా, తగిలించు పిన్ను ఎంత గట్టిది అని అడుగువారు అరుదు. ప్రాణము మీదికి తెచ్చునవి తరచు ఈ అడుగని సంగతులే. కనుక ట్రక్కు కట్టి నడుపుటలో తెలిసికొనదగిన విషయములను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

మన దారుల స్వభావము

విజయవాడ వద్ద 1852లో మొదలై 1855లో పూర్తియైన ఆనకట్ట వలనను, తరువాత 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజి వలనను డెల్టా అంతట కాలువలు అల్లుకొన్నవి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, వాని పిల్లకాలువలు, మురుగు కాలువలు దాటకుండ పొలమునకు పోవు రైతు ఇచ్చట తక్కువ. కాలువ ఉన్నచోట గట్టు, గట్టు ఉన్నచోట దారి. కాలువలలో పడవలు నడిచిన కాలమున ఈ గట్లు పడవలను తాళ్లతో లాగు మనుష్యులకును, ఎడ్ల బండ్లకును సరిపోయెను. నేడు అవే గట్ల మీద నిండు బరువుతో ట్రాక్టర్లు పోవుచున్నవి.

గట్టు దారికి ఒక ప్రక్క నీరు, మరియొక ప్రక్క పల్లపు చేను ఉండును. రెండు ప్రక్కల అంచులు మెత్తనివి. వానకు నానినప్పుడు, ఎండ్రకాయలు, ఎలుకలు బొరియలు చేసినప్పుడు పైకి గట్టిగా కనిపించు అంచు చక్రము మోపగానే క్రుంగును. గడ్డి పెరిగిన చోట అంచు ఎక్కడ ఉన్నదో కంటికి తెలియదు. మెట్ట ప్రాంతపు రోడ్డు మీద ట్రక్కు ఒక జానెడు ప్రక్కకు జరిగినచో చెడిపోవునది ఏమియు లేదు. గట్టు మీద ఆ జానెడే నేలకును నీటికిని మధ్య ఉన్న దూరము.

జరిగిన ప్రమాదములు

ఇవి ఊహించి చెప్పుచున్న భయములు కావు. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలి పనికి పోవుచున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మండుగురు స్త్రీలు మరణించిరి. మూడు నెలలు నిండకముందే, 2018 జూన్ 24న, యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మరియొక ట్రాక్టరు మూసీ కాలువలో పడినది. దానిలో పదిహేను మంది చనిపోయిరి. వారిలో దాదాపు అందరును పొలము పనికి బయలుదేరిన స్త్రీలే.

మన డెల్టాకు దగ్గరలోను ఇట్టివి జరిగినవి. 2020 జూన్ 17న జగ్గయ్యపేట సమీపమున వేదాద్రి దగ్గర, దైవదర్శనము చేసికొని ట్రాక్టరు ట్రక్కులో తిరిగి పోవుచున్న వారిని లారీ ఢీకొని పది మందికి పైగా మరణించిరి. 2023 జూన్ 5న గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు మండలములో శుభకార్యమునకు పోవుచున్న ట్రాక్టరు ట్రక్కు తిరుగబడి పలువురు స్త్రీలు ప్రాణములు కోల్పోయిరి.

ఈ నాలుగింటిలోను పోయినవి ధాన్యపు బస్తాలు కావు, మనుష్యులు. చక్రము పట్టిన వాడు ఒక్కడు చేసిన పొరపాటునకు, లేదా ఎదుటివాడు చేసిన పొరపాటునకు, ట్రక్కులో కూర్చున్న అమాయకులు బలియైరి.

ఎడ్ల బండికిని ట్రక్కుకును గల భేదము

బండి తోలిన పెద్దలకు ఒక సంగతి అనుభవమున తెలియును. నిండు బండి ఎత్తు ఎక్కునప్పుడు ఎడ్లు బండిని లాగును. పల్లము దిగునప్పుడు బండియే ఎడ్లను నెట్టును. కాడి మెడ మీదికి వచ్చును. అందుకే దిగుడు వచ్చినచోట బండివాడు క్రిందికి దిగి, ఎడ్ల ముందు నిలిచి, కాడి పట్టుకొని అడుగులో అడుగు వేయుచు దించెడివాడు. ఎద్దులు కూడ తమంతట తామే కాళ్లు తన్నిపెట్టి బరువును ఆపెడివి. గట్టు అంచు చూచి ఎద్దు తానే నిలిచిపోవును.

ట్రాక్టరుకు ఆ తెలివి లేదు. అయినను సూత్రము అదియే. ట్రాక్టరు లాగుచున్నంతసేపు ట్రక్కు దాని వెంట బుద్ధిగా వచ్చును. బ్రేకు త్రొక్కిన క్షణమున ట్రక్కు ట్రాక్టరును వెనుకనుండి నెట్టును. లాగునప్పుడు ట్రక్కు మన చేతిలో ఉండును. ఆపునప్పుడు మనము ట్రక్కు చేతిలో ఉందుము. ఈ వ్యాసములో చెప్పదలచిన ముఖ్య విషయము ఇదియే. తక్కిన జాగ్రత్తలు అన్నియు దీనినుండియే పుట్టినవి.

బ్రేకు లెక్క

ఒక ట్రాక్టరు బరువు సుమారు 20 క్వింటాళ్లు అనుకొందము. ఖాళీ ట్రక్కు 15 క్వింటాళ్లు. దానిలో 75 కిలోల ధాన్యపు బస్తాలు 60 వేసినచో 45 క్వింటాళ్లు. మొత్తము 80 క్వింటాళ్లు. చాల ట్రాక్టర్లకు బ్రేకులు వెనుక చక్రములకే ఉండును. మన ట్రక్కులలో పెక్కింటికి బ్రేకులే ఉండవు. అనగా 20 క్వింటాళ్ల ట్రాక్టరును ఆపుటకు చేసిన బ్రేకులు దానికి నాలుగు రెట్ల బరువును ఆపవలసి వచ్చుచున్నది.

గంటకు 20 కిలోమీటర్ల వేగమున ఒంటి ట్రాక్టరు బ్రేకు పట్టిన తరువాత 4 మీటర్లలో నిలిచినదనుకొనుడు. అదే బ్రేకు బలముతో నిండు ట్రక్కు కట్టిన ట్రాక్టరు నిలుచుటకు సుమారు 16 మీటర్లు పట్టును. వేగము రెట్టింపైనచో దూరము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. కనుక గంటకు 40 కిలోమీటర్ల వేగమున ఆ దూరము 64 మీటర్లు. ఇది గాక, అపాయము కనిపించిన తరువాత కాలు బ్రేకు మీదికి పోవుటకు ఒక సెకను పట్టును. ఆ సెకనులో 20 కిలోమీటర్ల వేగమున 5న్నర మీటర్లు, 40 కిలోమీటర్ల వేగమున 11 మీటర్లు ముందుకు పోవుదుము. అన్నియు కూడినచో మొదటి వేగమున 22 మీటర్లకు కొంచెము తక్కువ, రెండవ వేగమున 75 మీటర్లు. దారిని బట్టి, టైర్లను బట్టి ఈ అంకెలు మారును. అపాయము ఏ తీరున పెరుగునో చూపుటకే ఈ లెక్క.

ఈ లెక్కకు ఎదురుగా ఇంకొక లెక్క వేయుడు. ఊరి నుండి మిల్లు 12 కిలోమీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగమున 36 నిమిషములు, 30 కిలోమీటర్ల వేగమున 24 నిమిషములు. మిగిలినది 12 నిమిషములు. దానికై బ్రేకు దూరము రెండుంబావు రెట్లు పెరిగినది. మిల్లు ముందు తూకము కొరకు వరుసలో అంతకన్న ఎక్కువసేపే నిలువవలసి వచ్చును. కావున నిండు బరువుతో గట్టు మీద గంటకు 15 కిలోమీటర్లు, మంచి రోడ్డు మీద 25 కిలోమీటర్లు మించకుండుట మేలు.

ఐరోపా సమాఖ్య దేశములలో మొత్తము బరువు 750 కిలోలు మించగల ట్రెయిలరుకు, అది కారు వెనుక కట్టునదైనను, స్వంత బ్రేకు ఉండి తీరవలెనని నియమము కలదు. మన ట్రక్కులు అంతకు ఎనిమిది రెట్ల బరువుతో బ్రేకు లేకుండ తిరుగుచున్నవి. క్రొత్త ట్రక్కు చేయించువారు కొంత సొమ్ము ఎక్కువైనను బ్రేకులు గల దానినే చేయించుకొనవలెను. ఆ సొమ్ము ఒక్క ప్రమాదపు ఖర్చులో ఏ మూలకును రాదు.

రెండు బ్రేకు పెడళ్లు

ట్రాక్టరుకు కుడి చక్రమునకు ఒకటి, ఎడమ చక్రమునకు ఒకటి, రెండు బ్రేకు పెడళ్లు ఉండును. చేలో మూల తిరుగుటకు ఒక్క ప్రక్క బ్రేకు త్రొక్కుట అవసరము. దమ్ము చేయునప్పుడు రెండింటిని కలుపు కొక్కెమును విప్పి పనిచేయుదుము. పని ముగిసిన తరువాత ఆ కొక్కెమును తిరిగి తగిలించుట మరచి, ట్రక్కు కట్టి గట్టు ఎక్కుట ప్రమాదములకు పెద్ద కారణము. తొందరలో కాలు ఒక్క పెడలు మీద పడినచో ఒక చక్రము నిలిచిపోయి, రెండవది పరుగెత్తి, ట్రాక్టరు ఒక ప్రక్కకు తిరిగిపోవును. వెనుకనుండి ట్రక్కు నెట్టును. ఆ ప్రక్క కాలువ ఉన్నచో ఫలితము చెప్పనక్కరలేదు.

చేను దాటి దారి ఎక్కకముందే రెండు పెడళ్లు కలిపి కొక్కెము తగిలించవలెను. డిఫరెన్షియల్ లాకు విడిపించవలెను. అది పడియున్నచో స్టీరింగు త్రిప్పినను ట్రాక్టరు సరిగా తిరుగదు. నెలకొకసారి ఖాళీ ట్రాక్టరును ఎండు నేల మీద నెమ్మదిగా నడిపి బ్రేకు త్రొక్కి చూడుడు. రెండు చక్రముల జాడ సమానముగా ఉండవలెను. ఒక ప్రక్కకు లాగుచున్నచో మెకానిక్కుకు చూపి సరిచేయించిన తరువాతనే ట్రక్కు కట్టవలెను.

బరువు వేయు పద్ధతి

మన ట్రక్కులలో రెండు చక్రములవి విశేషముగా కలవు. దీని బరువు సంగతి ఎడ్ల బండి వంటిదే. బండి వెనుకబరువైనచో కాడి పైకి లేచి ఎడ్ల మెడతాళ్లు బిగియును. ముందుబరువైనచో మెడలు క్రుంగును. ట్రక్కు వెనుకబరువైనచో దాని ముందుకొన పైకి లేచి ట్రాక్టరు వెనుక భాగమును ఎత్తును. వెనుక చక్రములకు నేలపట్టు తగ్గును. అప్పుడు లాగుబలము తగ్గును, బ్రేకు పట్టు తగ్గును, ట్రక్కు తోక ఆడించినట్లు రెండు ప్రక్కలకు ఊగును. ఒకసారి ఊగుట మొదలైన తరువాత గట్టిగా బ్రేకు త్రొక్కినచో ఊపు ఇంకను పెరుగును. వేగము మెల్లగా తగ్గించి, స్టీరింగును తిన్నగా పట్టుకొనుటయే మార్గము.

ముందుబరువు మితిమీరినను చేటే. ట్రాక్టరు ముందు చక్రములు తేలిపోయి స్టీరింగు మాట వినదు. కావున బస్తాలను మొదట ఇరుసు మీద పరచి, తరువాత కొంచెము ముందు వైపునకు మొగ్గునట్లు వేయవలెను. రెండు ప్రక్కల సమానముగా ఉండవలెను. వరుసలు ఒకదాని కీలు మీద ఒకటి పడునట్లు అమర్చి మోకుతో బిగించవలెను. ఎత్తు పెరిగిన కొలది ట్రక్కు తిరుగబడుట తేలిక. అంతే బరువు తక్కువ ఎత్తున ఉన్నప్పుడు నిలకడ ఎక్కువ.

ఎరువు బస్తాలను దారి పొడవున చేను చేనుకు దించునప్పుడు ఒక పొరపాటు జరుగును. చేతికి అందినవని ముందువి దించి, వెనుకవి మిగిల్చినచో ట్రక్కు వెనుకబరువగును. వెనుకనుండి దించుకొనుచు రావలెను.

వరిగడ్డి తేలికయని అడుగులకు అడుగులు పేర్చుట వాడుక. గడ్డి మోపు దారి వెడల్పును మించి వ్రేలాడినచో ఎదురు వచ్చు సైకిలువాడు, మోటారు సైకిలువాడు కాలువ అంచుకు జరుగవలసి వచ్చును. కరెంటు తీగలకు గడ్డి తగిలి నిప్పు అంటుకొనవచ్చును. డ్రైవరుకు వెనుక ఏమి వచ్చుచున్నదో కనిపించదు. రెండు తడవలు తిరిగినను తక్కువ ఎత్తున తెచ్చుటే లాభము.

తగిలించుట, విప్పుట

బండి చక్రమునకు శీల ఎట్టిదో ట్రక్కుకు పిన్ను అట్టిది. శీల ఊడినచో చక్రము పోవును. పిన్ను ఊడినచో ట్రక్కే పోవును. విరిగిన ఇనుప కడ్డీ, గడ్డపార ముక్క, పెద్ద మేకు వంటివి పిన్నుకు బదులుగా వాడరాదు. సరియైన లావు గల పిన్ను వేసి, క్రింద క్లిప్పు పెట్టవలెను. అరిగి సన్నబడిన పిన్నును మార్చవలెను. ఇవి గాక ట్రాక్టరుకు, ట్రక్కుకు కలిపి ఒక గట్టి గొలుసు కట్టుట మంచిది. పిన్ను విరిగినను గొలుసు ట్రక్కును వదలిపోనీయదు.

ట్రక్కును డ్రాబారుకు, లేదా కంపెనీ వారు ఏర్పరచిన కొక్కెమునకే తగిలించవలెను. ఎక్కువ లాగునను ఆశతో అంతకన్న ఎత్తున తగిలించరాదు. ఎత్తున లాగినచో ట్రాక్టరు ముందు చక్రములు లేచి, వెనుకకు తిరుగబడి, నడుపువానిపై పడును. బురదలో దిగబడిన ట్రక్కును లాగునప్పుడు ఈ అపాయము హెచ్చు. క్లచ్చిని ఒక్కసారిగా వదలరాదు. ట్రాక్టరు కదలక ముందుభాగము లేచుచున్నట్లు తోచిన వెంటనే క్లచ్చి త్రొక్కి ఆపివేయవలెను. సగము బరువు దించి లాగుట ఆలస్యమైనను క్షేమము.

ట్రాక్టరును వెనుకకు నడిపి తగిలించునప్పుడు సహాయమునకు వచ్చిన కుర్రవాడు ట్రాక్టరుకును ట్రక్కుకును మధ్య నిలుచుట చూచుచుందుము. కాలు క్లచ్చి మీదినుండి జారినచో వాడు నలిగిపోవును. ట్రాక్టరు పూర్తిగా ఆగి, గేరు తీసి, నిలుపు బ్రేకు వేసిన తరువాతనే మనిషి మధ్యకు పోయి పిన్ను వేయవలెను. విప్పునప్పుడు ముందుగా ట్రక్కు చక్రముల క్రింద రాళ్లు పెట్టవలెను.

గట్టు ఎక్కుట, దిగుట

డొంక నుండి గట్టు మీదికి, గట్టు నుండి కళ్లమునకు గల వాలులు పొట్టివే గాని నిటారైనవి. వాలు దగ్గరకు రాకముందే ఆగి, తక్కువ గేరు వేసికొని, ఆ గేరుతోనే కడవరకు పోవలెను. వాలు మధ్యలో గేరు మార్చుటకు క్లచ్చి త్రొక్కినచో బండి ఎవరి ఆధీనమునను ఉండదు. ఏ గేరున ఎక్కగలమో ఆ గేరుననే దిగవలెననుట మంచి నియమము. దిగునప్పుడు ఇంజనే సగము బ్రేకుగా పనిచేయును.

డీజిలు ఆదా యని దిగుడులో న్యూట్రలు చేసి వదలు డ్రైవర్లు కలరు. దీనిని ఎంత మాత్రము అనుమతింపరాదు. ఆ వాలులో ఆదాయగు డీజిలు గుక్కెడైనను ఉండదు. ఇంజను పట్టు విడిచిన మరుక్షణమే ట్రక్కు నెట్టుట మొదలుపెట్టును. అప్పుడు గట్టిగా బ్రేకు త్రొక్కినచో వెనుక చక్రములు జారి, ట్రాక్టరు ఒక ప్రక్కకును ట్రక్కు మరియొక ప్రక్కకును తిరిగి, మూసిన చాకు వలె మడతపడును.

గట్టు మీద దారి నడుమనే పోవలెను. ఎదురుగా మరియొక బండి వచ్చినచో ఇద్దరును అంచులకు జరుగుటకు ప్రయత్నింపరాదు. వెడల్పు ఉన్న చోట ఒకరు ముందే ఆగి ఎదుటివారికి దారి ఇయ్యవలెను. ఖాళీ ట్రక్కు వాడు నిండు ట్రక్కుకు దారి ఇచ్చుట మర్యాద. ట్రక్కు తరచు ట్రాక్టరు కన్న వెడల్పుగా ఉండును. ట్రాక్టరు చక్రము దారి మీద ఉన్నంత మాత్రమున ట్రక్కు చక్రము కూడ దారి మీద ఉన్నదని అనుకొనరాదు. మలుపులలో ట్రక్కు లోపలి వైపునకు కోసికొని వచ్చును. కావున తూములు, ఇరుకు వంతెనల దగ్గర మలుపును వెడల్పుగా తీసికొనవలెను. వంతెనకు పిట్టగోడ లేనిచోట మనిషిని దింపి సైగతో నడుపుట నామోషీ కాదు.

పెద్ద రోడ్డు, రాత్రి, మంచు

విజయవాడ మీదుగా పోవు 16వ నంబరు, 65వ నంబరు జాతీయ రహదారుల మీద కార్లు, లారీలు మనకు నాలుగు రెట్ల వేగమున వచ్చును. వెనుకనుండి వచ్చువాడు ట్రక్కును చూచిన తరువాత అది ఎంత నెమ్మదిగా పోవుచున్నదో గ్రహించులోపలనే దాని మీదికి వచ్చును. మార్గశిర, పుష్య మాసములలో తెల్లవారుజామున మంచు క్రమ్మినప్పుడు ఈ అపాయము మరింత ఎక్కువ.

దీనికి విరుగుడు చవకైనదే. ట్రక్కు వెనుక రెండు మూలల ఎర్ర దీపములు, వెలుగు పడగానే మెరయు ఎర్ర పట్టీలు ఉండవలెను. అమెరికాలో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు 1960ల తొలి సంవత్సరములలో నెమ్మదిగా పోవు బండ్లకు ఒక త్రికోణపు గుర్తును రూపొందించిరి. నారింజ రంగు త్రికోణము, దాని చుట్టు మెరయు ఎర్ర అంచు. ఈ గుర్తు తరువాత అనేక దేశములలో వాడుకలోకి వచ్చినది. ఇట్టి దానిని ట్రక్కు వెనుక తగిలించుకొనుట మనకును మంచిదే. బురద, గడ్డి కప్పిన దీపము ఉన్నను లేనట్లే. బయలుదేరునప్పుడు గుడ్డతో తుడువవలెను.

టైరు పగిలియో, డీజిలు అయిపోయియో రోడ్డు మీద నిలిచినప్పుడు ట్రక్కును చీకటిలో వదలి ఇంటికి పోరాదు. వెనుక చాల దూరమున కొమ్మలు, దీపము, మెరయు పలక పెట్టవలెను. ఆ రాళ్లు, కొమ్మలు మరల తీసివేయుట మరువరాదు.

పాటల పెట్టెను పెద్ద శబ్దముతో పెట్టి నడుపు వానికి వెనుకవాని హారను వినిపించదు. చేత ఫోను పట్టుకొని గట్టు మీద నడుపుట కన్నులు మూసికొని నడుపుటయే.

మనుష్యులను ఎక్కించుట

ట్రక్కు సరకు కొరకు చేసినది. దానిలో సీటు లేదు, పట్టుకొనుటకు ఊత లేదు. తిరుగబడినచో అంచు మనుష్యుల మీద పడును. కాలువలో పడినచో తొట్టి బోర్లపడి లోపలివారికి బయటకు వచ్చు దారియే ఉండదు. వ్యవసాయపు ట్రాక్టరుకు డ్రైవరు సీటు ఒక్కటే ఉన్నది. మడ్గార్డు మీద, డ్రాబారు మీద కూర్చుండుట ఒక్క గతుకునకు చక్రము క్రింద పడుటకే. సరకు బండిలో మనుష్యులను ఎక్కించుట చట్ట విరుద్ధము. ప్రమాదము జరిగినచో భీమా సొమ్ము రాక, ఆ కుటుంబముల భారము, కోర్టు ఖర్చులు యజమాని మీద పడవచ్చును.

“నాట్లకు కూలీలు దొరకుటే కష్టముగా ఉన్నది. బండి పంపకున్న వారు రారు గదా” అని రైతులు అందురు. ఇది నిజమైన ఇబ్బందియే. కాని ఆటోకు అయ్యెడి ఖర్చును కూలితో పాటు లెక్కలో వేసికొనుటయే దీనికి మార్గము. నలుగురు రైతులు కలిసి ఒకే దినమున ఒకే వైపు పనులు పెట్టుకొన్నచో ఆ ఖర్చు పంచుకొనవచ్చును. మన చేలో నాటు వేయుటకు వచ్చిన ఆడపడుచు సాయంకాలమునకు తన బిడ్డల దగ్గరకు చేరవలెను. ఆ బాధ్యత ఆమెను పిలిచిన రైతుది.

తుఫాను తొందర

ఇన్ని జాగ్రత్తలు తెలిసిన రైతు కూడ తప్పు చేయు సమయము ఒకటి కలదు. అది తుఫాను వార్త వచ్చినప్పుడు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటినది. సార్వా వరి చేతికి వచ్చు సమయమది. ఇట్టి వార్త వినగనే ప్రతివాడును రాత్రికి రాత్రి ధాన్యము మిల్లుకు చేర్చవలెనని చూచును. డ్రైవరు రెండు రాత్రులు నిద్రపోడు. అరువై బస్తాల ట్రక్కులో ఎనుబది వేయుదురు. వాన మొదలై గట్లు జారుచుండును. ఎదురుగా అట్టివే పది ట్రాక్టర్లు వచ్చుచుండును.

అట్టి సమయమున చేయదగినది ముందే ఆలోచించుకొనవలెను. దూరపు మిల్లుకు తొందరపడుట కన్న దగ్గరలోని గట్టి కప్పు క్రిందకు, బడి వరండాకు, గోడౌనుకు చేర్చుట మేలు. టార్పాలిన్లు ముందే సిద్ధముగా ఉంచుకొనవలెను. ఇద్దరు డ్రైవర్లు వంతుల వారీగా నడుపునట్లు చూడవలెను. వాన పట్టిన తరువాత మట్టి గట్టు మీద నిండు ట్రక్కును ఎక్కించరాదు. తడిసిన ధాన్యమునకు ధర తగ్గును. ఆ నష్టము వచ్చే పంటకు తీరవచ్చును. కాలువలో పోయిన మనిషి ఏ పంటకును తిరిగి రాడు.

ట్రాక్టరు చట్రము, శిక్షణ

స్వీడన్ దేశమున 1959లోనే క్రొత్త ట్రాక్టర్లకు, తిరుగబడినను నడుపువాడు నలుగకుండ కాపాడు ఇనుప చట్రము ఉండవలెనని శాసించిరి. తరువాత ఆ దేశమున తిరుగబాటు మరణములు బాగుగా తగ్గినవి. క్రొత్త ట్రాక్టరు కొనువారు ఇట్టి చట్రము గల దానిని కోరి తీసికొనవచ్చును. చట్రము ఉన్నచో సీటు బెల్టు కూడ కట్టుకొనవలెను. చట్రము లేని ట్రాక్టరుకు బెల్టు కట్టుకొనరాదు.

పనివానికి ట్రాక్టరు అప్పగించునప్పుడు వానికి లైసెన్సు ఉన్నదో లేదో చూడవలెను. చేలో దున్నుట వచ్చిన వాడెల్ల ట్రక్కు కట్టి నడుపలేడు. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వము వారి వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. చదువుకొన్న యువరైతులు అట్టి చోట నేర్చుకొని వచ్చినచో ఊరిలో పది మందికి నేర్పగలరు.

బయలుదేరుటకు ముందు చూడవలసినవి

1. రెండు బ్రేకు పెడళ్లు కలిపి కొక్కెము తగిలించితిమా? డిఫరెన్షియల్ లాకు విడిపించితిమా?

2. పిన్ను, క్లిప్పు, గొలుసు సరిగా ఉన్నవా?

3. ట్రాక్టరు, ట్రక్కు టైర్లలో గాలి సమానముగా ఉన్నదా? చక్రముల నట్లు బిగువుగా ఉన్నవా?

4. బరువు ఇరుసు మీద, కొంచెము ముందునకు మొగ్గి, రెండు ప్రక్కల సమానముగా ఉన్నదా? మోకు బిగించితిమా? వెనుక తలుపు గడియ పడినదా?

5. వెనుక దీపములు, మెరయు పట్టీలు శుభ్రముగా కనిపించుచున్నవా?

6. ట్రక్కులో, మడ్గార్డు మీద, డ్రాబారు మీద మనుష్యులు ఎవ్వరును లేరుగదా?

7. నడుపువాడు నిద్ర చాలినవాడేనా? త్రాగియుండలేదుగదా?

ఈ ఏడు ప్రశ్నలకు ఐదు నిమిషములు చాలును. వీనిని ఒక అట్ట మీద వ్రాసి ట్రాక్టరు నిలుపు పాకలో గోడకు వ్రేలాడదీయుడు. ప్రమాదము జరిగినచో వెంటనే 108కి ఫోను చేయుడు.

బరువు వేయుట, బ్రేకు చూచుట, వేగము తగ్గించుట, ఇవన్నియు మన చేతిలోని పనులే. ట్రక్కు కదలకముందు అది మన మాట వినును. కదలి దిగుడు పట్టిన తరువాత చాల ఆలస్యమగును. కావున జాగ్రత్త పడవలసినది గట్టు మీద కాదు, కళ్లములోనే.